కమాను కింద బాపు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నాకు పన్నెండేళ్లప్పుడు, ఖానాపూర్ దగ్గర మా ఊళ్లో చర్చి కట్టారు. మేస్త్రి మా బాపే, అంటే మా నాన్నే. పాదిరిగారు ఐరోపాలోని ఒక పాత చర్చి ఫోటో చూపిస్తే, దాని వాకిలి లాగే రాళ్లతో పెద్ద కమాను కట్టాడు. అలాంటిది బాపు అంతకుముందెన్నడూ కట్టలేదు.

కమాను కింద ఆధారంగా నిలిపిన కర్రలు తీసే రోజు వచ్చింది. కట్టినవాడే కింద నిలబడి తీయాలన్నది బాపు వాళ్ల పద్ధతి.

"ఇంకో నెల ఆగరాదా?" అంది అవ్వ, మా అమ్మ.

"నేనే భయపడితె రేపు దీని కిందికెల్లి ఎవలు పోతరు?" అని బాపు సుత్తె అందుకున్నాడు.

ఒక్కో కర్రా పడుతుంటే నేను అవ్వ కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఆఖరిది కొట్టగానే పైరాయి టక్కుమని కదిలింది. బాపు తల మీద సున్నం పొడి రాలింది. అవ్వ కళ్లు మూసుకుంది. నాకు కళ్లు మూసుకునే ధైర్యం కూడా లేకపోయింది. బాపు కదల్లేదు. రాళ్లు ఒకదాన్నొకటి అదుముకుని నిలిచిపోయాయి.

బయటికొచ్చి ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. చెంబుతో నీళ్లిస్తే చేతులు వణికి సగం ఒలికిపోయాయి.

"గా ఫోటోల ఉన్న చర్చి కట్టినోడు గూడ గిట్లనే వణికిండేమో, బిడ్డా," అన్నాడు.

ఇప్పటికీ పత్రికల్లో ఐరోపా చర్చిల బొమ్మలు కనిపిస్తే నా చూపు ముందు వాకిలి మీదికే పోతుంది. ఆ కమాను కింద ఏ పిల్ల బాపు నిలబడ్డాడో అనిపిస్తుంది.