మీ తాత మెలిపెట్టిన తీగ

మీ పెద్దనాన్న ఫోన్లో చెప్పింది సగమే పిల్లలూ. "అమ్మ మొండికేసింది" అన్నాడట. వేశాను, అబద్ధమేం లేదు. మిగతా సగం వాడు చెప్పడు కాబట్టి నేను చెబుతున్నాను.

గద్వాలలో మన ఇంటి ముందు రేకుల కింద ఉండే పొడుగాటి విదేశీ కారు మీకు గుర్తుంది కదా. హైదరాబాదులో ఒక బట్టల షావుకారు వాడి వాడి విసిగి అమ్మేస్తుంటే మీ తాత కొన్నాడు. మగ్గం మీద కూర్చునేవాడికి ఇంత కారెందుకని వీధంతా నవ్వింది. ఆయన దాన్ని నా పేరు మీద రాయించి, తాళం నా చేతిలో పెట్టాడు. అయిజ రోడ్డు మీద, కొంగు నడుముకు చుట్టుకుని నేర్చుకున్నాను. అప్పటికి మా పేటలో కారు నడిపిన ఆడమనిషి లేదు. ఆయన పోయాక కూడా నడుపుతూనే ఉన్నాను.

ఈ వానాకాలంలో ఒక పొద్దున అది మొరాయించింది. తాళం తిప్పితే ఇంజను తిరుగుతుంది, దగ్గుతుంది, అందుకోదు. ఆ జాగాలో చీరల గోడౌను కట్టాలని మీ పెద్దనాన్న ఎప్పటి నుంచో చూస్తున్నాడు.

"ఇగ చాలమ్మా. వనపర్తి నుంచి తుక్కు కొనేటోడు సోమవారం వస్తడు. నువ్వు ఊకె పరేషాన్ కాకు."

"నేనేడ పరేషానైతున్న? బండి ఎవరి పేరు మీద ఉంది బిడ్డా?"

"నీ పేరు మీదనే. నడవని బండి ఎవరిదైతే ఏంది?"

"నడిస్తే?"

"నడిస్తే నువ్వే ఉంచుకో. వాడు లారీ ఎక్కించేదాంక నడవకపోతే మాత్రం నేనన్నట్టు చెయ్యాలె."

సరేనన్నాను. గొంతు పెంచలేదు. నాకు పెంచడం రాదని మీకు తెలుసు.

వనపర్తి నుంచే నేనూ ఒక మనిషిని పిలిపించాను. గడ్డం నెరిసిన సాయిబు, హైదరాబాదులో ఇలాంటి కార్ల మీదే పనిచేసి వచ్చిన మెకానిక్. పెట్రోలు పంపుకు కరెంటు అందడం లేదని రాగానే కనిపెట్టాడు. పంపుకు కరెంటు వదిలే చిన్న డబ్బీ ఒకటి ఉంటుంది, రిలే అంటారు. అది ఎక్కడుందో వెతకడమే పెద్ద పనైంది. బానెట్ ఎత్తి చూశాడు, లేదు. ముందు సొరుగు ఊడదీశాడు, అక్కడున్నవి లైట్లవి, అద్దాలవి. మ్యాటు ఎత్తి చూశాడు.

"గీ కారు చేసినోడు పెండ్లాంకు తెల్వకుండ పైసలు దాచుకునేటోడై ఉంటడు పెద్దమ్మా. ఒక్క సామాను ఉండాల్సిన తాన పెట్టలె."

చివరికి డిక్కీలో, ఎడమ పక్క అట్ట వెనక దొరికింది. పాడైందేమోనని, నాగర్‌కర్నూల్‌లో ఒక షెడ్డు మూలన పడి ఉన్న ఇలాంటి కారులోంచి ఇంకొకటి పీకి తెచ్చి పెట్టాడు. తాళం తిప్పాను. అదే దగ్గు.

అప్పటికి ఆదివారం సాయంత్రమైంది. "డబ్బీ మంచిగనే ఉంది. నడుమ తీగనే యాడనో పోయింది" అన్నాడతను. గడపలో నిలబడ్డ మీ పెద్దనాన్న, "చెప్తిని కద" అన్నాడు. నేను అటు చూడలేదు.

"రేపు పొద్దుగాల్నే వస్తవా బేటా?"

"నువ్వు తాళం ఇడువనంటే నేను చేతిల పానా ఇడుస్తనా? వస్త."

సోమవారం వచ్చీ రాగానే వెనక సీటు పీకి వాకిట్లో పడేశాడు. రిలే దగ్గర పెడితే టెస్ట్ బల్బు వెలుగుతోంది, పంపు దగ్గర వెలగడం లేదు. అతను ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి తీగల కట్టను తడుముతూ వచ్చాం. సీటు ఉండే చోట, మ్యాటు కింద, నా వేలికి ఒక ఉబ్బు తగిలింది. నల్ల టేపు విప్పాను. దాని కింద ఎర్ర పట్టుపోగు బిగించి చుట్టి ఉంది. అదీ విప్పితే రాగి తీగ, పచ్చగా చిలుం పట్టి, మధ్యలో బూడిద.

"యా అల్లా! తీగకు బూడిద పెట్టినోడు ఎవడు?"

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతుంటే, కొత్త పోగుల్ని ఒక్కొక్కటే పాత కొసలకు కలిపి మెలిపెడతాం. ముడి వేస్తే దువ్వెన పళ్లలాంటి పన్నెలో ఇరుక్కుంటుంది, అందుకే ముడి వేయం. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటాం. ఎప్పుడో ఎలుక తీగ కొరికితే, మెకానిక్ ఎందుకని మీ తాతే కారులో దూరి, "అయిపాయె" అంటూ చేతులు దులుపుకుంటూ దిగాడు. పోగు అతికినట్టే తీగనూ అతికాడన్నమాట. బూడిద తేమ పట్టి రాగిని తినేసింది.

"సూసినవా? నాయిననే చెడగొట్టిండు" అన్నాడు మీ పెద్దనాన్న.

"ఇన్నేండ్లు నడిపింది గుడ ఆ మెలినే బిడ్డా. మరిచిపోకు."

అప్పుడే గేటు బయట లారీ హారన్ మోగింది. మెకానిక్ తలెత్తలేదు. చిలుం పట్టిన ముక్క కత్తిరించి, కొత్త తీగ వేసి, టంకం పెట్టాడు. నేను ముందు సీట్లో కూర్చుని తాళం తిప్పాను. వెనక ఎక్కడో పంపు జుయ్యిమంది. ఇంజను ఒక్కసారి దగ్గి, అందుకుంది. రేకుల మీది పావురాలన్నీ లేచిపోయాయి.

కారును గేటు దాకా తెచ్చి అద్దం దించాను. "జర లారీ ఎనకకు తియ్యి నాయినా. నా బండి బయటికి పోవాలె."

తుక్కు కొనేవాడు నా వంకా కారు వంకా చూశాడు. "నేను కొననీకె వచ్చింది గీ బండినే కదమ్మా?"

"గిదే. తొవ్వ ఇడువు."

లారీ వెనక్కి జరిగింది. మీ పెద్దనాన్న అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎక్కు బిడ్డా. గోడౌనుకు అయిజ రోడ్డుల జాగా చూసొద్దాం."

వెనక కూర్చుందామని తలుపు తీశాడు. సీటేమో వాకిట్లో ఉంది. చేసేది లేక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బెల్టు పెట్టుకో అన్నాను. పెట్టుకున్నాడు.