ఓబులేసు మామ పాలిష్ పట్టిన ఉల్క

సూర్యుడు పుట్టకముందే చచ్చిపోయిన నక్షత్రాల ముందు, మా సారు ముందు, బేతంచెర్ల బండల ఫ్యాక్టరీ ముందు నా పరువు ఒకే రోజు ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇప్పటికే అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

అప్పుడు నేను పరిశోధన విద్యార్థిని. సొంతూరు కల్లూరు. చదివిన ఊరి పేరు మాత్రం చెప్పను, అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. నా పని ఉల్కల్లో నక్షత్రాల దుమ్ము వెతకడం. కొన్ని నక్షత్రాలు పోతూ పోతూ సిలికాన్ కార్బైడ్ అనే గట్టి రవ్వల్ని ఊదేసి పోతాయి. అవి ఎక్కడెక్కడో తిరిగి ఉల్కల్లో ఇరుక్కుంటాయి. ఒక్కో రవ్వలో తేలిక కార్బన్ ఎంత, బరువు కార్బన్ ఎంత అని కొలిస్తే, అది ఏ రకం నక్షత్రం నుంచి వచ్చిందో తెలుస్తుంది. సిలికాన్‌ను కూడా అలాగే కొలిస్తే, ఆ నక్షత్రం పుట్టేనాటికి మన గెలాక్సీ ఎంత ముదిరిందో లెక్క కట్టొచ్చు. నిన్నటి పులుసులో ఇవాళ్టి పులుసు కలుపుతూ పోతే రుచి మారుతుంది చూడండి, గెలాక్సీ కూడా అంతే. ప్రతి తరం నక్షత్రాలూ తమ ఉప్పూకారం అందులో కలిపే పోతాయి.

మన భూమి మీద మాత్రం కార్బన్ పాళ్ళు దాదాపు ఒక్కటే. బరువుది ఒకటైతే తేలికది ఎనభై తొమ్మిది. అందుకు బాగా తేడాగా అంకె వచ్చిందా, ఆ రవ్వ ఇక్కడిది కాదన్నమాట.

అది కొలిచే యంత్రం మాకు ఏడాదికి రెండంటే రెండు రోజులు దొరికేది. ఆ రెండు రోజులూ చేజారితే నా థీసిస్ ఇంకో ఏడాది అటకెక్కాల్సిందే. సరిగ్గా ఆ ముందు వారమే, ఉల్క ముక్కను నున్నగా చేసే మా ల్యాబు పాలిష్ యంత్రం పాడైంది.

"సార్, మా వైపు మంచి పాలిషింగ్ యూనిట్ ఉంది" అన్నాను.

"అనుభవం ఉన్నవాళ్ళేనా?"

"ఇరవై ఏళ్ళుగా అదే పని సార్!"

ఒక్క ముక్కైనా అబద్ధముందా చెప్పండి? లారీల కొద్దీ నాపబండలు పాలిష్ చేస్తారన్న సంగతి సారు అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన వజ్రపు పేస్టు నింపిన చిన్న సిరంజి నా చేతికిచ్చి, "దీనితో తప్ప దేనితోనూ రుద్దనివ్వకు" అన్నారు.

బేతంచెర్లలోని ఆ యూనిట్ మా అమ్మ తమ్ముడు ఓబులేసు మామది. రాయిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంది అమ్మీ, చింతపిక్కంత ఉండాది! ఎవరింట్లో పరుస్తావు దీన్ని?"

"ఆకాశం నుంచి పడిండేది మామా. శానా విలువైంది."

"యాడి నుంచి పడితే ఏం, మన చేతిలో పడినాక నున్నగ కావాల్సిందే." తర్వాత సిరంజి చూసి పకపకా నవ్వాడు. "చంటిబిడ్డకు మందు తాపేది తెచ్చినావే! దీంతో రుద్దుతా కూచుంటే నీ పెండ్లినాటికి గూడా కాదు. ముందు మా పొడితో సాపు చేస్తా, ఆఖర్న నీ మందు పూస్తా. సరేనా?"

అక్కడ నేను 'వద్దు' అనాలి. కానీ సాయంత్రం రైలుకు టైమవుతోంది, నోటి నిండా అత్త పెట్టిన ఉగ్గాని ఉంది. "పైపైన అయితే పర్వాలేదులే మామా" అనేశాను. అయ్యా, అదీ నా శాస్త్రీయ దృక్పథం!

అరగంటలో ఉల్క అద్దమైంది. మామ అందులో మీసం కూడా చూసుకున్నాడు.

ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టానో లేదో, ఒక సిలికాన్ కార్బైడ్ రవ్వ! పక్కనే ఇంకోటి! సాయంత్రానికి ముప్పై ఏడు! నా కేకకు సారు ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చారు.

"ముక్కలో ఒకటి దొరికితేనే పండగ చేసుకుంటాం. ముప్పై ఏడా?"

"ముప్పై ఏడు సార్!"

ఆయన కనపడ్డవాళ్ళందరినీ పిలిచి చూపించారు. నేను మామకు ఫోన్ కొట్టాను.

"మామా, మన రాయిలో నక్షత్రాల దుమ్ము కుప్పలు కుప్పలు ఉండాది!"

"ఉండదా మరి! పాలిష్ బాగుంటే ఏదైనా కనపడ్తాది" అని ఫ్యాక్టరీ అంతా మైసూర్‌పాకు పంచేశాడు.

యంత్రం రోజు వచ్చింది. మొదటి రవ్వ: ఎనభై తొమ్మిది. పోనీలే అనుకున్నాం. రెండోది: ఎనభై తొమ్మిది. మూడోది కూడా అంతే. పదోదానికి, చూడవచ్చినవాళ్ళు ఒక్కొక్కరే టీకి జారుకున్నారు. ముప్పై ఏడూ అయ్యేసరికి గదిలో సారూ నేనే మిగిలాం.

"గెలాక్సీ అంతా ఒకేలా ముదిరిందేమో సార్" అని అప్పటికప్పుడు ఒక కొత్త సిద్ధాంతం వదిలాను.

సారు నావైపు తిరిగారు. "ఆ యూనిట్ వాళ్ళు ఏ పొడి వాడారమ్మా?"

మామకు నంబరు కొట్టాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"మామా, మీ పాలిష్ పొడి సంచి మీద ఏం రాసుండాదో చదువు."

"ఉండు, కండ్లద్దాలు పెట్టుకోనీ. సి... లి... కాన్. కింద కార్బైడ్ అనుండాది. ఏం, ఇంకో సంచి పంపాల్నా?"

"వద్దండీ, ఇది చాలు" అన్నారు సారే.

రాత్రంతా ఏడ్చాను. ఏడాది కష్టం, సారు నమ్మకం, అన్నీ ఒక్క సంచి పొడిలో కలిసిపోయాయి. మర్నాడు వాచిన ముఖంతో వెళ్తే సారు తిట్టలేదు. "యంత్రం ఈ రోజు కూడా మనదే, కూర్చో" అన్నారు. ఉల్కను అణువణువూ మళ్ళీ వెతికాం. చివరి గంటలో, ఉల్కలోని ఒక ఖనిజపు గింజ లోపల పూర్తిగా పూడుకుపోయిన చిన్న రవ్వ కనబడింది. పొడి చొరబడే సందే లేదక్కడ.

తెర మీద అంకె పడింది. యాభై ఒకటి!

"మళ్ళీ కొట్టు" అన్నారు సారు. మళ్ళీ యాభై ఒకటే.

"యంత్రం తప్పు చూపిస్తోందేమో సార్" అన్నాను. అప్పటికే చెయ్యి కాలింది కదా.

"యంత్రమా? మీ మామ పొడిని ముప్పై ఏడుసార్లు కొలిచి, ముప్పై ఏడుసార్లూ ఎనభై తొమ్మిదే చూపించింది. యంత్రానికి ఇంతకంటే గట్టి పరీక్ష ఎవరూ పెట్టి ఉండరు. సిలికాన్ కూడా భూమిది కాదు, చూడు. ఇది సూర్యుడికంటే పాతదమ్మా!"

నేను ఎగిరిన ఎగురుకు కుర్చీ వెనక్కి పడింది. సూర్యుడు లేని కాలపు రవ్వ, నా కళ్ళ ముందు! ఆనందంతో ఏడుస్తూనే మామకు ఫోన్ చేశాను.

"మామా, ఆ ముప్పై ఏడూ మీ పొడే. ఒక్కటి మాత్రం నిజంగా నక్షత్రానిది!"

అవతల మామ కాసేపు లెక్కేసుకున్నాడు.

"అంటే ముప్పై ఏడు మనవి, ఒకటి వాళ్ళది. మనమే గదా అమ్మీ గెలిచింది! దీనికి ఏడుస్తాండావెందుకు?"

కాబట్టి మహాజనులారా, సూర్యుడి సాక్షిగా, సూర్యుడికంటే పెద్దవాళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆకాశం నుంచి పడ్డ ఏ రాయినీ చుట్టాల చేతికివ్వను. అడిగినా ఇవ్వను, అలిగినా ఇవ్వను.