అమ్మ వెతకని డబ్బా

మా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ సందులో, ఆదివారం అన్నాలు తినడం అవగానే అమ్మ కుట్టుమిషను కింద నుంచి ఒక లైనింగు ముక్క తీసేది. బట్టలకు గుర్తులు పెట్టే సుద్దతో దాని మీద మా సందు గీసేది. చదరం అంటే మా కిరాయి గది. గుండ్రం అంటే బోరింగు. మూడు గీతలు కిరాణా షాపు మెట్లు. ఇంటూ గుర్తు ఎక్కడుందో అక్కడ బిస్కెట్ల రేకు డబ్బా ఉన్నట్టు... పొద్దున నీళ్లకు వెళ్లినప్పుడే దాచి వచ్చేది.

నాకు తొమ్మిదేళ్లు, చెల్లి లతకు ఆరు. ఆ ముక్క పట్టుకుని ఉరికేవాళ్లం. నా మెడలో అమ్మ కొలతల టేపు. "గోడ నుంచి రెండు టేపులు" అనేది అమ్మ లెక్క మరి! చెమట చేతుల్లో సుద్ద చెరిగిపోయి సగం దారిలోనే సందు మాయమయ్యేది. నీవల్లంటే నీవల్లని కొట్టుకునేవాళ్లం. చివరికి డబ్బా దొరికితే లోపల రెండు రంగు గుండీలో, బెల్లం ముక్కో.

ఆటకు ఒక నియమం ఉండేది. లోపలిది తీసుకున్నాక మనది ఏదో ఒకటి పెట్టి, డబ్బాను కొత్త చోట దాచాలి. అప్పుడు అమ్మ వచ్చి వెతకాలి.

ఎంత శ్రద్ధగా దాచేవాళ్లమో... అమ్మ ఒక్కసారి కూడా తనంతట తాను రాలేదు. తలుపు తోసి చూస్తే మిషను పక్కన చాప మీద, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుని ఉండేది. సాయంత్రం మేమే వెళ్లి తెచ్చుకునేవాళ్లం. నాకు ఒళ్లు మండిపోయేది. ఆట పెట్టింది తనే, ఆడనిదీ తనే.

ఒకసారి పెళ్లిళ్ల రోజులు. మిషను చుట్టూ జాకెట్లు గుట్టలుగా ఉన్నాయి. గీస్తూ గీస్తూనే అమ్మ కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ రోజు ఇచ్చిన ముక్క ఆకుపచ్చగా మెరుస్తోంది... పట్టు! ఇవాళ మంచిది ఇచ్చిందని మురిసిపోయాం. డబ్బా దొరికాక, ఆ ముక్కనే మడత పెట్టి, అమ్మకు కానుకగా లోపల పెట్టి దాచేశాం.

సాయంత్రం అమ్మ లేచి చూసుకుంటే పెళ్లికూతురి జాకెట్టు గుడ్డ లేదు. తెల్లారితే ఇవ్వాలి. చీరలోంచి కత్తిరించి ఇచ్చిన గుడ్డ అది, బజారులో ఎంత తిరిగినా అలాంటిది దొరకదు. అమ్మ సంచులన్నీ కుమ్మరించింది. చాప ఎత్తి చూసింది. అప్పుడు నా వేళ్లకు అంటిన సుద్ద కనపడింది.

"యాడ వెట్టిండ్రు బిడ్డా?" అంది.

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది... నేను చెప్పలేదు. అమ్మ వెతకడానికి వస్తోందన్న సంతోషంలో ఇంకేమీ బుర్రకెక్కలేదు. బోరింగు నుంచి మూడు టేపులు కొలుచుకోమన్నాను. లత భయపడి నా వెనక నక్కింది. అమ్మ కొట్టలేదు. టేపు తీసుకుని, సందంతా చూస్తుండగా వంగి వంగి కొలుచుకుంటూ వెళ్లింది. పగిలిన తులసి కుండీ వెనక డబ్బా దొరికింది. గుడ్డ తీసి దులిపితే సుద్ద పోయింది, మరక పడలేదు. అమ్మ అక్కడే మెట్ల మీద కూలబడింది. నేను చప్పట్లు కొట్టాను.

"దొరికింది గద... ఇగ జరసేపు పండుకోనియ్యుండ్రి" అంది.

ఇప్పుడు మేం ఎల్బీనగర్‌లో ఉంటాం. ఏడేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు. మా ఆదివారాల ఆట పేరు జియోకాషింగ్. ఎవరో ఒక చిన్న డబ్బా దాచి, ఆ చోటు ఫోన్‌లో పెడతారు. మనం వెతికి, లోపలి కాగితం మీద పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేయాలి. పిల్లలకు పిచ్చి ఇష్టం. నాగోల్ దాకా, హయత్‌నగర్ దాకా తిరిగాం. ఓ పార్కులో మేం ముగ్గురం బెంచీ కింద దూరితే వాచ్‌మన్ వచ్చి ఏం పోగొట్టుకున్నారని అడిగాడు. ఏమీ పోలేదంటే నమ్మడే!

నాకూ ఇష్టమే... కానీ వారమంతా ఆఫీసు, ట్రాఫిక్, హోంవర్కులు అయ్యేసరికి ఆదివారానికి ఒళ్లు హూనం. ఆ మధ్య అమ్మకు ఫోన్ చేసినప్పుడు అడిగేశాను, మేం దాచింది వెతకడానికి తనంతట తాను ఎప్పుడూ ఎందుకు రాలేదని.

"ఏం డబ్బా బిడ్డా... మీరు బయటికి పోతే అర్ధగంట కండ్లు మూసుకుందామని గా ఆట వెట్టిన" అని నవ్వింది.

చిన్నప్పటి ఆ కోపం ఇన్నేళ్లు మోశాను. ఆ అర్ధగంట విలువ నాకు ఇప్పుడు తెలిసింది.

పోయిన ఆదివారం లేవలేకపోయాను. నేనూ అదే చేశాను. అపార్ట్‌మెంట్ కింద పాత టిఫిన్ డబ్బా దాచి, కాగితం మీద దారి గీసిచ్చి, పడుకున్నాను. లేచేసరికి దిండు పక్కన ఇంకో కాగితం. లిఫ్టు, మెట్లు, ఒక ఇంటూ గుర్తు. మా పాప గీసింది.

రోజూ బడి నుంచి రాగానే "వెతికావా అమ్మా?" అనేది. రేపు అనేదాన్ని. మొన్నటి నుంచి అడగడం మానేసింది.

మా అమ్మకు పడుకోవడానికి చాప ఉండేది. నాకు మంచం, ఏసీ, ఫోనూ అన్నీ ఉన్నాయి. అలసట మాత్రం అదే... దాచిపెట్టి ఎదురుచూసే పిల్లలూ అంతే.

ఇది రాయడం అయ్యాక చెప్పులేసుకుని కిందికి వెళ్తున్నాను. మీకోసం ఎవరైనా దాచి, మీరు వెతకడానికి వెళ్లని డబ్బా ఉందా? ఉంటే కింద చెప్పండి... కానీ ముందు వెళ్లి వెతికి రండి.