సబ్బు మీద యాభై గీతలు

మొన్న కామారెడ్డిలో ఒక దుకాణంలో ఎవరో పాప విదేశీ సబ్బు కాగితం చింపింది. ఆ వాసనకు నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అది దుబాయి పెట్టె వాసన. దుబాయిలో పనిచేసే మా నాన్న, మా బాపు, సెలవుకు వచ్చిన రోజున ఎల్లారెడ్డిలోని మా ఇంట్లో చీరలకూ, ఖర్జూరాలకూ, చివరికి మాకూ పట్టే వాసన.

ఎనభైల చివర అలాంటి పెట్టెలోనే ఒకసారి కంప్యూటర్ వచ్చింది. దాన్ని టీవీకి తగిలించాలి, ప్రోగ్రాములేమో క్యాసెట్లలో దాచుకోవాలి. ప్రోగ్రాము ఎక్కేదాకా టేపు కీచుమంటూ తిరుగుతుంటే పావుగంట సేపు అందరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. ఎండాకాలమైతే సరిగ్గా చివర్లో కరెంటు పోయేది, కథ మళ్ళీ మొదటికి. పదో తరగతి చదివే మా అన్న ఆ యంత్రానికి తెలుగు అక్షరాలు చుక్క చుక్కగా నేర్పాడు, అమ్మ కోసం. అమ్మకు చదువు రాదు. బాపు ఉత్తరాలు మేమే చదివి వినిపించేవాళ్ళం. ఆమె ఒక్కదానికే రాసిన మాటలు కూడా పిల్లల నోట వినాల్సి వచ్చేసరికి పాపం సిగ్గుతో ముఖం కొంగులో దాచుకునేది. ఒక్క ఉత్తరమైనా తానే చదువుకోవాలని ఆమె కోరిక.

అచ్చులకు ఒక క్యాసెట్టు, హల్లులకు ఒకటి, గుణింతాలకు మూడు. 'క' పోయి 'కా' వచ్చేలోపు పొయ్యి మీద పప్పు మాడేది. హార్డ్ డిస్కు ఉంటే అన్నీ ఒకేచోట ఉంటాయని అన్న ఏదో పత్రికలో చదివాడు. కంప్యూటర్ వెనక, అదనపు సామాను తగిలించడానికి దువ్వెనలాగా ఒక ఇత్తడి పళ్ళ వరుస ఉండేది. మారు తాళంచెవికి అచ్చు తీసినట్టు అన్న నానబెట్టిన సబ్బును దానికి అదిమితే యాభై పళ్ళూ గీతలుగా పడ్డాయి. బతుకమ్మ పండుగ వెళ్ళిన వారం, దుబాయి పోతున్న ఒకాయన చేతికి అమ్మ పండుగకు చేసిన నువ్వుల సత్తుపిండితో పాటు ఆ సబ్బునూ ఇచ్చి పంపింది. బాపు దుకాణం దుకాణం తిరిగి, యాభై గీతలూ లెక్కపెట్టుకొని, సరిపోయే వైరున్న పాత డిస్కు కొన్నాడు. ఆ డబ్బు కోసం ఆ ఏడు సెలవు మానుకున్నాడు.

ఊరికొస్తున్న వాళ్ళెవరి చేతనో డిస్కు వచ్చింది. వైరు చక్కగా పట్టింది. టీవీలో మాత్రం ఏమీ రాలేదు. అన్న వారం రోజులు సరిగా అన్నం తినలేదు. చివరికి అన్నీ దుప్పట్లో చుట్టుకొని బస్సులో కామారెడ్డికి పోయాం. టీవీలు బాగుచేసే చాచా మూత విప్పి చాలాసేపు చూశాడు.

"పండ్లు కలిస్తే అయితదా బేటా? దీని మాట దానికి తెల్వదు. నడుమ ఒక కార్డు ఉండాలె. గీ మిషిన్ల కార్డులు ఇప్పుడు ఎవ్వలు చేస్తలేరు."

అమ్మ ఆశ వదలలేదు. వచ్చే సెలవుకు బాపు ఎలాగైనా కార్డు తెస్తాడనీ, అప్పుడు అక్షరాలు మొదలుపెడతాననీ డిస్కును పట్టుచీరల మధ్య దాచింది. ఆ సెలవు రానేలేదు. కట్టే బిల్డింగు మీది నుంచి పడి బాపు చనిపోయాడు. కర్మలన్నీ అయ్యాక అన్న ఆ క్యాసెట్లే ముందేసుకొని, నేర్పుతాను రమ్మని అమ్మను పిలిచాడు.

"ఇగ నాకు ఎవరు రాస్తరని నేర్సుకోవాలె, బిడ్డా?" అంది అమ్మ.

అన్న మళ్ళీ ఆ కంప్యూటర్ మీటలు ముట్టలేదు.

ఇప్పుడు ఆ కంప్యూటర్లు లేవు, కీచుమనే టేపులు లేవు. దుబాయిలో ఉన్నవాళ్ళు ఫోన్లోనే కనబడుతున్నారు, ఉత్తరం రాసేవాళ్ళే లేరు. అమ్మా లేదు. నేను ఇరవై ఏళ్ళుగా ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. ఒక పలక, ఒక బలపం, కొన్ని నెలలు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆ డిస్కు కోసం, తర్వాత కార్డు కోసం మేం ఎదురుచూసిన రెండేళ్ళూ నా బడిసంచిలో పలక ఉంది.