నిమ్మకాయ తొక్కలేని కారు

ఏడేళ్లుగా ఒక కార్ల కంపెనీ నా గుండెల మీద కూర్చుని ఉంది. చైనాలో ఎక్కడో చిన్న కంపెనీ, ఇప్పుడు లేదు. దాన్ని ముంచింది నేనే అనను, అంత గొప్పవాణ్ణి కాను. కానీ ఆస్ట్రేలియాలో మా టూవూంబా ఊరి తెలుగువాళ్లలో రెండో మనిషి ఆ కారు కొనకుండా చేసింది మాత్రం నేనే. ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను.

కొన్న ఆ ఒక్కడూ సుబ్బారావు అన్నయ్య. తెనాలి మనిషి, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. నేను కొత్తగా వచ్చినప్పుడు నెల రోజులు అన్నం పెట్టాడు. కొత్త బండి కొనడం ఆయనకు జీవితంలో అదే మొదలు. కారు కంటే కంపెనీ చరిత్ర మీద మోజు ఎక్కువ. ఇద్దరు అన్నదమ్ములు నీళ్ల పంపులు బాగుచేసే షెడ్డులో మొదలుపెట్టారట, తర్వాత మూడు చక్రాల బండ్లు చేశారట, చివరికి కారు చేశారట. పెళ్లికొడుకు వంశం చెప్పినట్టు ఇంటికొచ్చిన ప్రతివారికీ చెప్పేవాడు.

పూజ రోజు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. నా చెయ్యి మంచిదని నన్ను నడపమన్నాడు. ఇంజిన్ గర్జించింది గానీ బండి కదల్లేదు. ఇంకా తొక్కాను. కదల్లేదు. నలుగురు వెనక నుంచి తోశారు. అప్పుడు చూశాను. హ్యాండ్ బ్రేక్ వేసే ఉంది. ఎవరూ చూడకుండా దించేశాను. బండి ఒక్క గెంతు గెంతింది, నిమ్మకాయలు నలిగాయి, తోసినవాళ్లు చేతులు దులుపుకున్నారు.

ఒక్క మాట అంటే సరిపోయేది. నవ్వేవారు, టీ తాగేవారు, మరిచిపోయేవారు. ఎందుకు అనలేదు? అంతకుముందే వాళ్లందరికీ కార్ల గురించి ఉపన్యాసం దంచి ఉన్నాను, అందుకా? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను.

అన్నయ్య నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

“ఏరా, బండిలో దమ్ము లేదంటావా?”

“పికప్ కొంచెం వీకే అన్నయ్యా. ఫుల్‌గా తొక్కాను.”

సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో దానికి ‘నిమ్మకాయ తొక్కలేని కారు’ అని పేరు పడింది. పైగా పక్కింటి ఆస్ట్రేలియా ఆయన, ఈ దేశంలో పనికిరాని కారును లెమన్ అనే అంటారని చెప్పాడు. ఇంకేం కావాలి! కొందామనుకున్న రెండు కుటుంబాలు వెనక్కి తగ్గాయి.

నన్ను తినేస్తున్నది అది కాదు. మాది కొండ మీద ఊరు. బ్రిస్బేన్ వెళ్తే తిరుగు దారిలో ఘాట్ ఎక్కాలి. అన్నయ్య ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఆ కారును ఘాట్ ఎక్కించలేదు. అక్కడ యూనివర్సిటీలో చదివే కూతుర్ని చూడటానికి ఎవరో ఒకరి బండిలో వెనక సీట్లో ఇరుక్కుని, ఒళ్లో పచ్చడి డబ్బా పెట్టుకుని వెళ్లేవాడు. ఏ లోపమూ లేని బండి ఇంట్లో పెట్టుకుని.

కంపెనీ మూతపడిందని ఆయనే నిన్న ఫోన్ చేసి చెప్పాడు. దగ్గరి చుట్టం పోయినంత దిగులుగా ఉన్నాడు. అందరికంటే ముందు నువ్వే కనిపెట్టావురా అని నన్ను మెచ్చుకున్నాడు. శనివారం వేరే బండి చూడటానికి తోడు రమ్మన్నాడు. నీకైతే తెలుస్తుంది అన్నాడు.

వస్తానన్నాను.

దారిలో చెప్పగలనా? తెలియదు. చెబితే క్షమిస్తాడా? అడిగే ముఖం నాకు లేదు. బ్రేక్ దించనిది నేనే అని ఇవాళ ఒక మనిషికి, కనీసం మీకు, చెప్పాను. ఈ పూట అన్నం సయించేలా ఉంది.