వేరు పెట్టుకున్న గ్లాసు

తొంభైల్లో ఒక పొద్దున, ఎయిడ్స్ పరీక్ష ఫలితం కోసం చూలై స్టాపులో బస్సెక్కాను. పక్క సీట్లోని సౌకార్‌పేట వ్యాపారి నా చేతిలో ఆస్పత్రి చీటీ చూసి, జేబులోంచి అలాంటిదే తీసి చూపించాడు.

"జ్వరం వదలకపోయె, మెడలో గడ్డలు లేచె. అప్పుడే అనుమానమొచ్చి ఇంట్లో గ్లాసు, కంచం వేరే పెట్టేసినా సార్. నా ఎంగిలి ఎవురికీ తగలనీలేదు."

"ఎంగిలితో అంటుకోదండీ," అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని.

"మరి ఎట్లా సార్?"

రక్తంతో, భార్యాభర్తల కలయికతో అని చెప్పాను. ఆయన చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా ఇంటామెకి ఇప్పుడు అయిదో నెల," అన్నాడు. "ఆ గ్లాసు విడిగా కడిగేది ఆమే."

ఆస్పత్రి ఇంకో స్టాపు దూరం ఉంది. నేను ఇక్కడే దిగాలని చెప్పి లేచాను. నా చీటీ చూసిన మనిషే, నేనెక్కడికి వెళ్తున్నానో ఆయనకి తెలుసు. కాళ్లు పక్కకి జరిపి దారిచ్చాడు.