గిర్నీ ఇంటి జొన్నరొట్టె

జొన్నపిండి మీద మరుగుతున్న నీళ్లు పోసిన మొదటి క్షణంలో ఒక వాసన లేస్తుంది. అది పచ్చిగడ్డి వాసనా కాదు, ఉడికిన గింజ వాసనా కాదు, ఆ రెంటి నడుమది. ఈ పొద్దున హైదరాబాదులోని నా అద్దె గదిలో కిరోసిన్ స్టవ్వు ముందు కూర్చుని ఆ వాసన పీల్చగానే, జహీరాబాదులో మా వాకిట్లోని చొప్ప పందిరి, దాని కింద పొయ్యి, ఆ పొయ్యి ముందు మోచేతుల దాకా పిండి పూసుకుని కూర్చున్న మా నాయిన గుర్తుకొచ్చాడు.

ఎండలు ముదిరితే మా వంట పందిరి కిందికి వచ్చేది. కొత్త తెల్లజొన్నలు అప్పుడే కల్లాల నుంచి దిగేవి. ఝరాసంగం వైపు ఊళ్ల నుంచి గంపల్లో పచ్చి మామిడికాయలు, పుంటికూర, మట్టి ఆరని ఉల్లిగడ్డలు, ఎర్రెర్రని చింతచిగురు వచ్చేవి. కందికట్టె చిటపటమంటూ ఇట్టే అంటుకుని ఇట్టే ఆరిపోయేది కాబట్టి దాని పక్కన ఒకరు కూర్చోవాల్సిందే. పచ్చిపులుసుకైతే పెద్దగా మంట కూడా అక్కర్లేదు. నిప్పుల్లో కాల్చిన మిరపకాయలు చింతపండు రసంలో చేత్తో నలిపి, ఉల్లిగడ్డ ముక్కలు, ఉప్పు, నువ్వుల పొడి కలిపితే అయిపోయేది. చివర్లో నీళ్ల రంజన్ పక్కన తడిబట్ట కప్పి పెట్టిన మజ్జిగ కుండలోని సల్ల. మధ్యాహ్నం ఏ గల్లీలోంచి నడిచినా ప్రతి వాకిట్లోనూ రొట్టెలు కొట్టే టపటప వినబడేది.

నాయినది పిండి గిర్ని. న్యాల్‌కల్ నుంచి కూడా జొన్నల సంచులు మోసుకొచ్చేవారు. రాయి ఎంత బిగించాలో, పిండి వేళ్ల మధ్య ఎట్లా జారాలో ఆయనకు తెలుసు. డబ్బాలో పడ్డాక ఆ పిండి ఏమవుతుందో మాత్రం తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు, ఆ ఎండాకాలం అమ్మ బావి గచ్చు మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకునేదాకా.

అమ్మ చేతికి పట్టీ వేయించుకుని వచ్చిన మర్నాడే రాయికోడ్ నుంచి మా మేనత్త వచ్చింది, నాయినకు అక్క. నన్నూ చెల్లెనూ బడి తెరిచేదాకా తన ఇంటికి తీసుకుపోతానంది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. చెల్లె వెళ్లి అమ్మ కొంగు పట్టుకుంది.

"పిల్లలు యాడికి పోరక్కా. నేను జేసి పెడ్త," అన్నాడు నాయిన.

"నువ్వా? పొయ్యి ఎటు దిక్కున్నదో ఎర్కనా నీకు?" అత్త నవ్వింది. "సరే తమ్మీ. వచ్చే అంగడి నాడు వస్త. నువ్వు కొట్టిన రొట్టె తింట. అది రొట్టె లెక్క ఉంటె పిల్లల్ని ఉంచుకో. లేకుంటె నా ఎంబడి తోల్కపోత."

మొదటిరోజు నాయిన చన్నీళ్లతో పిండి కలిపాడు. రొట్టె పీట మీద బాగానే ఉంది, పెనం మీదికి ఎత్తేసరికి చుట్టూ చీలింది. "నాయినా, రొట్టెకు చెవులొచ్చినయ్," అంది చెల్లె. ఆ సంగతి మర్నాటికి గిర్నీ చేరింది. పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు వదల్లేదు. "ఊరందరికి పిండి పడ్తవ్, ఇంట్ల ఒక్క రొట్టె కొట్టస్తలేదా పటేలా?"

నేర్పింది అమ్మే, లోపలి గదిలో మంచం మీది నుంచి కదలకుండా. ఆమెకు రొట్టె కనబడేది కాదు, చప్పుడే వినబడేది. "సల్లనీళ్లు పోసినవా? మసిలే నీళ్లు పొయ్యి, చేతులు కాలితె కాలనియ్." "తడిసప్పుడొస్తుంది, జర పొడిపిండి సల్లు." "నడిమిట్లనే కొడ్తున్నవ్, అంచులెవరు కొట్టాలె, మీ అక్కనా?" గోధుమలా సాగే గుణం జొన్నకు లేదనీ, మరిగే నీళ్లే దాన్ని బంకగా చేసి పట్టి ఉంచుతాయనీ నేను చాలా ఏళ్ల తరువాత చదువుకున్నాను. అప్పటికి మాకు తెలిసింది ఒకటే, లోపలి నుంచి అమ్మ గొంతు వినబడితే ఏదో తప్పు జరుగుతున్నట్టు.

వారపు సంత జరిగే అంగడి నాడు అత్త మిట్టమధ్యాహ్నం వచ్చి, పందిరి కింద కాళ్లు చాపుకుని, పొయ్యికి ఎదురుగా కూర్చుంది. చింతచిగురు పప్పు, పచ్చిపులుసు సిద్ధంగా ఉన్నాయి. నేను కందికట్టె ఎగదోస్తున్నాను. మా బట్టల సంచి గడప పక్కనే ఉంది, అత్త వస్తూనే సర్దించి పెట్టింది. నాయిన మొదటి రొట్టె ఎత్తుతుంటే నడిమికి చీలింది. అత్త సంచి వైపు చూసింది.

నాయిన ఆ ముద్దను పక్కన పెట్టి, నీళ్లు మళ్లీ మసలబెట్టి, కొత్తగా పిండి కలిపాడు. కొట్టడం మొదలుపెట్టాడు. టప్, టప్, టప్. పీట మీద రొట్టె తిరుగుతూ వెడల్పవుతోంది. నేను లోపలి నుంచి అమ్మ గొంతు వస్తుందేమోనని విన్నాను. ఏ మాటా రాలేదు. రొట్టె పెనం మీదికి చేరింది, దాని మీద తడిబట్ట తిరిగింది, తిప్పి నిప్పుల పక్కన నిలబెట్టగానే బుస్సున పొంగింది.

అత్త తుంచుకుని పప్పులో అద్దుకుని తిన్నది. "పప్పుల ఉప్పు తక్కువైంది," అన్నది. చెల్లె ముఖం చిన్నబోయింది. అత్త పళ్లెం ముందుకు జరిపి, "ఏం జూస్తున్నవ్ తమ్మీ, ఇంకోటెయ్," అన్నది. సాయంత్రం పోతూ పోతూ ఆ సంచి తానే విప్పి, మా బట్టలు దండెం మీద వేసి వెళ్లింది.

అమ్మ చెయ్యి బాగయ్యాక కూడా ఎండాకాలం రొట్టెలు నాయినవే. ఇప్పుడా పందిరి లేదు. ఇంట్లో గ్యాసు వచ్చింది, కందికట్టె పొగ పోయింది. రేషన్ షాపులో కంట్రోలు బియ్యం వచ్చాక గిర్నీకి జొన్నల సంచులు తగ్గాయి, మధ్యాహ్నాలు మా గల్లీలో చప్పుడు లేకుండా గడుస్తాయి. అయినా నాయిన నాకోసం పిండి పట్టి పంపిస్తాడు. నిన్న ఆ డబ్బా పట్టుకుని అమ్మే వచ్చింది.

ఆమె ఇప్పుడు నా గది గడప మీద అటు తిరిగి కూర్చుని చింతచిగురు ఏరుతోంది. నేను పీట మీద పిండిముద్ద పెట్టి కొడుతున్నాను. మధ్యలో ఆగి, విన్నాను. అమ్మ ఏమీ అనలేదు. రొట్టె ఎత్తి పెనం మీద వేశాను.